హ్యామ్ రేడియోలో స్థానిక ప్రసారాల వడపోత (కడప, కర్నూలు)

దగ్గర్లోని శక్తిమంతమైన ప్రసార కేంద్రం హ్యామ్ (ఔత్సాహిక రేడియో) రిసీవరును ముంచెత్తితే దూరపు సంకేతాలు వినిపించవు. ఆ ప్రసారాన్ని రిసీవరులోకి రాకముందే ఆపడమే ఈ వడపోత.

దక్షిణాదిలో రేడియో ప్రసారాలకు నాంది పలికింది ఔత్సాహికులే. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు కర్నూలు, కడప ఆ ప్రెసిడెన్సీలోని జిల్లాలే. ప్రసారాలతోపాటే వడపోత అవసరమూ వచ్చింది. ఇంగ్లండులో అదే దశాబ్దంలో ఊళ్లో స్టేషను వెలిసినచోటల్లా శ్రోతలు ఏరియలుకు 'వేవ్ ట్రాప్' తగిలించేవారు. తీగ చుట్ట, కండెన్సరు కలిసిన ఆ చిన్న సర్క్యూటు ఒక్క తరంగాన్నే అడ్డుకుంటుంది.

కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. తర్వాతి కాలంలో అది 900 కిలోహెర్ట్జ్‌పై, 100 కిలోవాట్ల మీడియం వేవ్ కేంద్రంగా పేరు పొందింది. రాయలసీమ పల్లెలకు వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు చేర్చిన ఆ బలమే పక్కనుండే హ్యాముకు పరీక్ష. ఆదర్శ నేలపై లెక్కగడితే 10 కిలోమీటర్ల దూరంలో దాని క్షేత్రబలం మీటరుకు సుమారు 300 మిల్లీవోల్టులు. పొడి, రాతి నేలలో కొంత తగ్గినా, హ్యాములు గట్టి సంకేతమనే ఎస్9 రిసీవరు దగ్గర 50 మైక్రోవోల్టులే. పైగా ఓవర్‌లోడైన రిసీవరు తనంతట తానే గుణిజాలను పుట్టిస్తుంది. 900కు రెండింతలు 1800, అంటే 160 మీటర్ల బ్యాండు అంచు; నాలుగింతలు 3600, సరిగ్గా 80 మీటర్ల బ్యాండు నడుమ. తుప్పుపట్టిన రేకుల అతుకులు కూడా ఇలా గుణిజాలను పుట్టించగలవు. అలా బయటే పుట్టిన గుణిజాన్ని రిసీవరు ముందు పెట్టిన ఏ ఫిల్టరూ ఆపలేదు, ఆ అతుకునే బాగుచేయాలి.

900కు ట్రాప్ కట్టడం కష్టమేమీ కాదు: 100 మైక్రోహెన్రీల చుట్టకు సమాంతరంగా సుమారు 313 పికోఫారడ్లు. పాత రేడియోలోని గ్యాంగు కండెన్సరుతో ట్యూన్ చేసుకోవచ్చు. దీన్ని ఏరియలు తీగకు వరుసలో పెట్టి, ఇనుప డబ్బాలో మూయాలి. లేకపోతే చుట్టే ఏరియలుగా మారి ప్రసారాన్ని పట్టేస్తుంది. ప్రసారాన్ని ఎర్త్‌కు మళ్లించే ట్రాప్ ఎండాకాలపు సీమలో అంత నమ్మదగినది కాదు. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తేగాని అక్కడ ఎర్త్ నిలవదు.

ట్రాన్సిస్టర్లు, ఆపై కంప్యూటరుకు తగిలించే సాఫ్ట్‌వేర్ రేడియోలు (ఎస్‌డీఆర్‌లు) వచ్చాక సమస్య ఇంకా పెరిగింది. వెడల్పాటి ద్వారంతో అవి అన్నిటినీ ఒకేసారి లోపలికి రానిస్తాయి. అందుకే 1.8 మెగాహెర్ట్జ్‌కు దిగువనున్నదాన్నంతా ఆపే హై-పాస్ ఫిల్టర్లు, 2017లో వచ్చిన ఆర్‌ఎస్‌పీ1ఏ వంటి పరికరాల్లో లోపలే మీడియం వేవ్ ఫిల్టర్లు వచ్చాయి. ఇక కర్నూలు విషయానికొస్తే, అక్కడి ఆకాశవాణిది ఎఫ్‌ఎం. అక్కడ 144 మెగాహెర్ట్జ్ వినేవారికి కావలసింది 88–108 మెగాహెర్ట్జ్‌ను ఆపే ఫిల్టరు. దాన్ని ప్రీయాంప్లిఫయరుకు ముందే పెట్టాలి. తర్వాత పెడితే, చెడిన సంకేతాన్ని అదేమీ బాగుచేయలేదు.