విండోస్ 11, టీపీఎం చిప్ నిబంధన

టీపీఎం, అంటే ట్రస్టెడ్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్, ఎన్‌క్రిప్షన్ తాళంచెవులను తనలో దాచుకునే భద్రతా చిప్. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు వరుసగా నడవబోయే ప్రోగ్రాముల ముద్రలను ఇది తన రిజిస్టర్లలో నమోదు చేసుకుంటుంది. ఎవరైనా ఏదైనా మార్చి ఉంటే ఆ లెక్క కుదరదు. అప్పుడు డిస్కును తెరిచే తాళంచెవిని చిప్ బయటపెట్టదు. ల్యాప్‌టాప్ పోయినా, అలా తాళం వేసిన డిస్కును ఊడదీసి వేరే యంత్రానికి తగిలించిన దొంగకు లోపలి సమాచారం దక్కదు.

1999లో కాంపాక్, హెచ్‌పీ, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి పెట్టిన కూటమి నుంచి ఈ ప్రమాణం పుట్టింది. 2003లో ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూప్ ఆ పని చేపట్టింది. యంత్రం కొనుక్కున్నవారి మాట వినకుండా కంపెనీల మాట వింటుందని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్, భద్రతా పరిశోధకుడు రాస్ ఆండర్సన్ తొలినాళ్లలోనే గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ భయం అర్థంలేనిది కాదు. టీపీఎం 1.2 వెర్షన్‌ను విండోస్ విస్టాలో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ వాడుకుంది. అది ఆధారపడిన షా-1 పద్ధతి కాలక్రమంలో బలహీనపడింది. 2014 నాటి 2.0 వెర్షన్ షా-256 వంటి గట్టి పద్ధతులకు చోటిచ్చింది. 2016 జులై నుంచి విండోస్ 10తో అమ్మే కొత్త కంప్యూటర్లలో 2.0 ఉండాలని మైక్రోసాఫ్ట్ తయారీదారులకు షరతు పెట్టింది. కొనేవారిలో చాలామందికి ఆ సంగతి తెలియనే లేదు.

2021 జూన్ 24న విండోస్ 11ను ప్రకటించినప్పుడు, దానికి టీపీఎం 2.0 తప్పనిసరి అనడంతో ఆ షరతు ఇంటింటి సమస్యయింది. నిజానికి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు చాలావాటిలో ఫర్మ్‌వేర్ రూపంలో టీపీఎం అప్పటికే ఉంది. దాన్ని బయోస్‌లో ఆఫ్ చేసి ఉంచడం వల్ల అలాంటి కంప్యూటర్లు విండోస్ 11 అర్హత పరీక్షలో తప్పాయి. అసలు అడ్డు ప్రాసెసర్ల జాబితా. ఇంటెల్ 8వ తరం, ఏఎండీ రైజెన్ 2000 శ్రేణి కంటే పాతవాటిని దాదాపు అన్నింటినీ అది పక్కనపెట్టింది. టీపీఎం 2.0 చక్కగా పనిచేస్తున్న 7వ తరం యంత్రాలూ అలా మిగిలిపోయాయి. ఆ నింద మాత్రం ఎక్కువగా చిప్ మోసింది. పాత ప్రాసెసర్ల మీద కూడా అప్‌గ్రేడ్ చేసుకోవడానికి రిజిస్ట్రీలో ఒక మార్పును మైక్రోసాఫ్టే అప్పట్లో ప్రచురించింది. దానికి కూడా కనీసం టీపీఎం 1.2 కావలసిందే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. అర్హత లేని కంప్యూటర్లున్న ఇళ్లవారు పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబర్ వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. లైనక్స్ మాత్రం టీపీఎం లేని యంత్రాల మీద కూడా నడుస్తుంది.