కెంపేగౌడ పురములో ఒకనాటి సంచారము

"తాతయ్యా, మనమీ యూరివారమా, పరాయివారమా?" అని మా మనుమడొకనాడు నన్నడిగెను. మా కుటుంబము మూడు తరములుగా బెంగుళూరిలోనే యున్నది. అయినను నేను చెప్పిన సమాధానము వానికి తృప్తి కలిగింపలేదు. "ఊరు చూతము రమ్ము, ఊరే చెప్పును" అని ఆదివారమునాడుదయమే వానిని వెంటబెట్టుకొని బయలుదేరితిని.

మొదట చిక్కపేట, దొడ్డపేట వీధులు కలియు కూడలికి పోయితిమి. దొడ్డపేటయే నేటి అవెన్యూ రోడ్డు. యలహంక నాటి ప్రభువగు కెంపేగౌడ, విజయనగర సామ్రాట్టగు అచ్యుతదేవరాయల కాలమున, 1537లో ఈ పట్టణమునకు పునాది వేసెను. ఈ కూడలినుండి నాలుగు దిక్కులకు నాలుగు జతల యెద్దులతో దున్నించెననియు, ఆ చాళ్లే రాజవీధులైనవనియు పెద్దలు చెప్పుదురు. గాండ్లవారికి గాణిగరపేట, కుమ్మరులకు కుంబారపేట, ప్రత్తి వర్తకులకు అరళెపేట యేర్పడెను. ఆ పేర్లు నేటికిని నిలిచియున్నవి.

అచ్చటినుండి కోటకు నడచితిమి. 1638లో బిజాపురము సేనాని రణదుల్లాఖాను ఈ పట్టణమును గైకొనగా, ఇది శివాజీ తండ్రియగు శహాజీకి జాగీరయ్యెను. 1687లో మొగలాయీలు దీనిని పట్టుకొని, పిదప మైసూరు ప్రభువగు చిక్కదేవరాయ ఒడెయరునకు మూడు లక్షల రూపాయలకు విడిచిరి. హైదరాలీ మట్టికోటను రాతికోటగా మార్చెను. 1791 మార్చిలో కారన్‌వాలిస్ సేనలు దానిని పట్టుకొనెను. ఇప్పుడొక ద్వారమును, కొంత గోడయు మాత్రమే మిగిలినవి. సమీపముననే టిప్పుసుల్తాను టేకుకంబముల మందిరమును, దాని ప్రక్క వెంకటరమణస్వామి దేవళమును గలవు. ఇన్ని భాషలవారు ఏలిన యూరిలో పరాయివాడెవడో తేల్చుట కష్టమని మనుమనితో నంటిని.

సాయంకాలమునకు గవిపురము చేరితిమి. అచ్చటి గుహాలయమున గంగాధరేశ్వరుడు వెలసియున్నాడు. మకర సంక్రాంతినాటి సాయంకాలము సూర్యకిరణములు నంది కొమ్ముల నడుమగా వచ్చి లింగమును తాకును. సెలవు లేక నాణెములు ముద్రించెనని విజయనగర ప్రభువులు కెంపేగౌడను కొన్నేండ్లు చెరలో నుంచిరట. విడుదలైన పిమ్మట ఆయన ఈ గుడి కట్టించెనని ప్రతీతి. ఆ ప్రభువే గంగాగౌరీవిలాసమను యక్షగానమును తెలుగున రచించెనని చెప్పుదురు.

ఆ మాట వినగానే పిల్లవాని ముఖము వికసించెను. "ఈ యూరు కట్టిన కన్నడనాటి దొర మన భాషలో వ్రాసెనా? ఆ పుస్తకము నేను చదువవచ్చునా?" అని యడిగెను.

నేను తల వంచుకొంటిని. వాడు వీధి పలకలపైనున్న కన్నడము తడబడక చదువును. తెలుగు అక్షరమొక్కటియు నెరుగడు. ఊరు మనలను పరాయివారిని చేయలేదు. నలుబదియేండ్లు దస్త్రములు వ్రాసిన ఈ చేయి, ఇంటి బిడ్డచేత 'అ ఆ'లు దిద్దింపలేదు. ఆ లోపము నాదే.

తుదకు లాల్‌బాగు బండపైనున్న కెంపేగౌడ గోపురము కడ కూర్చుంటిమి. ఆ బండ వయస్సు మూడు వందల కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులందురు. పట్టణపు టెల్లలుగా కట్టిన నాలుగు గోపురములలో నిది యొకటి. ఊరు వీనిని దాటి యేనాడో పెరిగినది.

"నాయనా, మనమీ యూరివారమే. కన్నడము మనకన్నము పెట్టిన భాష, తెలుగు మనయింటి భాష. రెండు లిపులు నక్కచెల్లెండ్రు. ఒకటి వచ్చినవానికి రెండవది త్వరలో పట్టుపడును" అంటిని.

ఆ రాత్రియే పలక తీసితిమి. వాడు మొదట వ్రాయగోరినది తన పేరు కాదు, ఊరి పేరు.