తాళం లోపల కోట్లు, తాళం బయట అప్పులు

2023 ఫిబ్రవరి మొదటి వారం. అమెరికాలో కెర్నెల్ గ్రూప్ హోల్డింగ్స్ అనే కంపెనీకి గడువు ముంచుకొచ్చింది.

రెండేళ్ల కిందట, 2021 ఫిబ్రవరిలో, ఈ కంపెనీ పబ్లిక్ ఇష్యూకి వచ్చి 30.47 కోట్ల డాలర్లు వసూలు చేసింది. దీనికి ఫ్యాక్టరీ లేదు, సరుకు లేదు, అమ్మకం లేదు. ఏ వ్యాపారం కొంటుందో కూడా చెప్పలేదు. ‘డబ్బివ్వండి, రెండేళ్లలో మంచి కంపెనీని వెతికి కలుపుకుంటాం. దొరక్కపోతే మీది మీకిచ్చేస్తాం’ అన్నది, అంతే. మార్కెట్ వీటిని స్పాక్ అంటుంది, బ్లాంక్ చెక్ కంపెనీ అనీ అంటుంది. 2021 ఒక్క ఏడాదిలో అమెరికాలో ఇలాంటివి 600 పైచిలుకు వచ్చాయి.

రెండేళ్లూ కరిగిపోయినా పెళ్లి కుదరలేదు. గడువు పెంచమని వాటాదారుల్ని బతిమాలుకోవాలి. చిక్కల్లా అక్కడే ఉంది. గడువు అడిగిన ప్రతిసారీ, ఓటు ఎటు వేసినా సరే, వాటా వెనక్కిచ్చి డబ్బు పట్టుకుపోయే హక్కు వాళ్లకుంటుంది.

ఆ సమయానికి పగ్గాలు అందుకుంటున్న మనిషి పేరు సురేన్ అజ్జరపు. ఇంటిపేరు చూస్తే ఇంకేం చెప్పాలి? ఫ్లోరిడాలోని టాంపాలో మందుల వ్యాపారానికి ఆన్‌లైన్ వేదిక నడిపిన ట్రెక్సేడ్ కంపెనీకి అప్పట్లో అధిపతి ఆయనే. 2022 డిసెంబరులో కుదిరిన ఒప్పందంతో ఆయనకు చెందిన వీకేఎస్‌ఎస్ క్యాపిటల్, కెర్నెల్ పాత ప్రమోటర్ల చోటు తీసుకుంది.

సినిమాల్లోలాగా సమావేశంలో చేతులెత్తడం, లెక్కపెట్టడం లాంటివేం ఉండవు. డబ్బు కావలసినవాళ్లు సమావేశానికి రెండు పనిదినాల ముందే అర్జీ పెట్టుకోవాలి. అంటే ఓటింగు మొదలయ్యేసరికే ప్రమోటర్‌కి తన తలరాత తెలిసిపోయి ఉంటుంది. గడువైతే పెరిగింది. కానీ పెట్టెలోని సొమ్ములో సుమారు నాలుగింట మూడొంతులు వెళ్లిపోయింది.

ఆ పెట్టె సంగతి కాస్త నెమ్మదిగా చూడాలి. నా మటుకు ఈ కథకి గుండెకాయ అదే.

మన గుడిలో హుండీ ఉంటుంది, హారతి పళ్లెం ఉంటుంది. హుండీలో ఎంత పడ్డా పూజారి చెయ్యి పెట్టకూడదు. ఆయన రోజు గడవాల్సింది పళ్లెంలో పడేదానితోనే. స్పాక్‌లోనూ అంతే. ఒక్కో వాటాకి జనం ఇచ్చిన పది డాలర్లూ ట్రస్టు ఖాతాలోకి వెళ్తాయి. ఆ ఖాతా ప్రమోటర్ చేతిలో ఉండదు, ధర్మకర్త సంస్థ చేతిలో ఉంటుంది. చాలా స్పాక్‌లకి న్యూయార్క్‌లోని కాంటినెంటల్ స్టాక్ ట్రాన్స్‌ఫర్ అండ్ ట్రస్టే ఆ పని చేస్తుంది. సొమ్మును 185 రోజుల్లోపు తీరే అమెరికా ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల్లోనో, వాటినే కొనే మనీ మార్కెట్ ఫండ్లలోనో పెట్టాలి. వచ్చిన వడ్డీలోంచి పన్నులు కట్టుకోవచ్చు. కంపెనీ మూసేసే పరిస్థితి వస్తే ఆ ఖర్చుకి మామూలుగా లక్ష డాలర్ల దాకా తీసుకోవచ్చు. అంతకుమించి పైసా ముట్టుకోవడానికి వీల్లేదు.

మరి పళ్లెంలోకి ఎలా వస్తుంది? మొదట ప్రమోటర్ 25,000 డాలర్లు వేసి వ్యవస్థాపక వాటాలు రాయించుకుంటాడు. ఇష్యూ పూర్తయ్యేసరికి అవి కంపెనీలో ఐదో వంతు. ఎంత చవకో చూడండి. కానీ దాంతోనే అయిపోదు. ఇష్యూ నడిపే బ్రోకర్లకి మామూలుగా 2 శాతం అప్పటికప్పుడు కట్టాలి, ఇంకో 3.5 శాతం విలీనం రోజున. ఆ 2 శాతం జనం సొమ్ములోంచి తియ్యకుండా కట్టాలి కాబట్టి, ప్రమోటర్ తన జేబులోంచి ప్రైవేట్ వారంట్లో (ముందే అనుకున్న ధరకి తర్వాత వాటా కొనే హక్కులు), యూనిట్లో (వాటా, వారంట్ కలిసిన కట్టలు) కొంటాడు. ఆ డబ్బే బ్రోకర్లకి, లాయర్లకి, ఆడిటర్లకి, డైరెక్టర్ల బీమాకి, ఆఫీసు అద్దెకి. సాధారణంగా పదీ ఇరవై లక్షల డాలర్లు మిగులుతాయి. ఏడాదిన్నర తిరిగేసరికి అవీ అయిపోతాయి. ఇక ప్రమోటర్ చేబదుళ్లు మొదలు. ప్రామిసరీ నోటు మీద నోటు. లాయర్లు ‘విలీనం అయ్యాక ఇద్దురులే’ అని బిల్లు పక్కన పెడతారు. ఆడిటరు మాత్రం ఊరుకోడు. ఈ కంపెనీ కొనసాగుతుందా అన్నది సందేహమేనని నివేదికలో రాస్తాడు. పెట్టెలో ముప్పై కోట్ల డాలర్లున్న కంపెనీ గురించి!

2023 మే నెలలో అజ్జరపు ఇంకో స్పాక్ పగ్గాలు పట్టారు. దాని పేరు సెంపర్ పారాటస్. 2021 నవంబరులో 34.5 కోట్ల డాలర్లు ఎత్తి, వాటాకి 10.20 చొప్పున 35.19 కోట్లు ట్రస్టులో పెట్టిన కంపెనీ. ఆ పైన ఇరవై సెంట్లూ మదుపరిని ఊరించడానికి ప్రమోటర్ పక్షం కట్టిన తాయిలం. లెక్కేస్తే 69 లక్షల డాలర్లు. ఆయన వచ్చేసరికే, ఫిబ్రవరి గడువు ఓటింగులో, నూటికి తొంభైకి పైగా వాటాలు డబ్బైపోయాయి. ఖాళీ పెట్టెని ఎవరైనా కొంటారా అనిపిస్తుంది. కొంటారు. ఎందుకంటే స్టాక్ ఎక్స్ఛేంజిలో చోటు ఇంకా మిగిలే ఉంది, వ్యవస్థాపక వాటాలూ ఉన్నాయి. ఏదో ఒక కంపెనీతో ముడి పడితే వాటికి విలువ వస్తుంది. పడకపోతే సున్నా. మంచి సంబంధం దొరక్కపోతే ఏదో ఒక సంబంధం అన్న తొందర ప్రమోటర్‌కి పుట్టేది ఇక్కడే. నా దృష్టిలో ఈ ఏర్పాటులోని అసలు లోపం అదే.

జనం ఎందుకు అలా ఎగబడి వెనక్కి తీసుకున్నారు? 2021లో మూడు నెలల ట్రెజరీ బిల్లు మీద వడ్డీ ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. 2023 ఫిబ్రవరికి నాలుగున్నర శాతం దాటింది. పైగా స్పాక్ యూనిట్లు కొనేవాళ్లలో ఎక్కువమంది హెడ్జ్ ఫండ్లు. వాటాని వెనక్కిచ్చి అసలూ వడ్డీ తీసుకుంటారు, యూనిట్‌తో పాటు వచ్చిన వారంట్‌ని మాత్రం అట్టే పెట్టుకుంటారు. వాళ్లకి నష్టం ఎక్కడుంది? నష్టమంతా చివరిదాకా కూర్చున్న చిన్న మదుపరిది. 2019-20ల్లో విలీనమైన 47 స్పాక్‌లను క్లౌస్నర్, ఓల్‌రోగ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యులు లెక్కతీశారు. పది డాలర్ల వాటా వెనక విలీనం నాటికి మిగిలిన నికర నగదు మధ్యస్థంగా 5.70 డాలర్లు.

సెంపర్ పారాటస్‌కి ముడి పడింది. న్యూజెర్సీలోని టెవోజెన్ బయోతో 2023 జూన్‌లో ఒప్పందం, 2024 ఫిబ్రవరి 14న విలీనం. విలువ కాగితం మీద 120 కోట్ల డాలర్లు. 35 కోట్లతో మొదలైన పెట్టెలో అప్పటికి మిగిలింది చాలా స్వల్పం. మరో స్పాక్ పవర్‌అప్‌ని అజ్జరపు పక్షం తీసుకున్న సంస్థ పేరు శ్రీరామ అసోసియేట్స్. అమెరికా దస్తావేజుల్లో రాముడి పేరు చూసి నేను కాసేపు నవ్వుకున్నాను. దానికీ 2025 ఫిబ్రవరిలో ఆస్పైర్ బయోఫార్మాతో పెళ్లయింది. కెర్నెల్‌కి మాత్రం ఆ యోగం లేదు. డ్రోన్లు చేసే ఐరో గ్రూప్‌తో 2023లో కుదుర్చుకున్న ఒప్పందం 2024లో రద్దయింది. ఆ ఐరో 2025 జూన్‌లో సొంతంగా పది డాలర్లకి ఇష్యూకి వచ్చి, మొదటిరోజే రెట్టింపు దాటేసింది.

ఇదంతా నంద్యాల జిల్లా డోన్‌లో కూర్చుని చదివేవాళ్లకి ఎందుకు? కర్నూలు, నంద్యాల పట్టున వేల కుటుంబాలు కేశవరెడ్డి బడుల్లో పిల్లల్ని చేర్చి లక్షల్లో డిపాజిట్లు కట్టాయి. ఫీజు అక్కర్లేదు, చదువయ్యాక అసలు వెనక్కి, అదీ మాట. వినడానికి స్పాక్ మాటలాగే ఉంటుంది. కానీ ఆ డిపాజిట్లకి వేరే పెట్టె లేదు, బయటివాడి చేతిలో తాళం లేదు. చదువు ముగించిన పిల్లల తల్లిదండ్రులు అసలు అడిగితే రాలేదు. 2015లో అధినేత అరెస్టయ్యారు, కేసు సీఐడీకి వెళ్లింది. అమెరికా హెడ్జ్ ఫండ్‌కి అర్జీ పెట్టుకుంటే వచ్చిన అసలు, డోన్ గనుల్లో రాయి కొట్టే తండ్రికి పోలీస్ స్టేషన్ మెట్లెక్కినా రాలేదు.

మన దేశంలో స్పాక్‌లకి ఇప్పటికి గుజరాత్ గిఫ్ట్ సిటీలోనే దారి ఉంది. కనీసం 5 కోట్ల డాలర్ల ఇష్యూ కావాలి. అవి మన వీధికి ఇప్పట్లో రావు. డిపాజిట్ అడిగేవాళ్లు మాత్రం రేపే రావచ్చు. నియంత్రణ లేని డిపాజిట్లను 2019 చట్టం నిషేధించింది. కట్టేముందు రిజర్వు బ్యాంకు వారి ‘సచేత్’ పోర్టల్ తెరిచి, అడుగుతున్న సంస్థకి అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఫిర్యాదు కూడా అక్కడే ఇవ్వొచ్చు.