కొండదారికి కట్టిన మూట

వానకాలమున అడవికొండ యెక్కువారు మూటలో ఏమేమి కట్టుకొనవలెను? రాజుల దండయాత్రలను గూర్చి గ్రంథములు పెక్కు వెలసినవి గాని, బాటసారి భుజము మీది మూటను గూర్చి వ్రాసినవారు అరుదు. ఆ మూటకును ఒక చరిత్ర కలదు.

వికారాబాదునకు దాపున నున్న అనంతగిరి కొండలు మూసీనదికి పుట్టినిల్లు. ముచికుంద అని దీని పూర్వనామము. 1908 సెప్టెంబరులో హైదరాబాదు నగరమును ముంచెత్తిన యేరు ఇచట సన్నని ఊట మాత్రమే యన్న, చూడనివారు నమ్మరు. కొండ నెత్తిన తుప్పురంగు రాయి బోలుబోలుగా నుండి, వాననీటిని పీల్చుకొని మెల్లమెల్లగా విడుచును. అందువలన వాన వెలిసినను దారి ఆరదు. చెట్లక్రింద చెమ్మ వదలదు. తాండూరు వైపు దిగినచో కాగ్నా నది, నాపరాతి గనులు, కందిచేలు. అది వేరు ప్రపంచము.

అనంత పద్మనాభస్వామి జాతరలకు చుట్టుపట్ల గ్రామములవారు కాలినడకన వచ్చెడివారు. కార్తికమున చలి, ఆషాఢమున వాన. రెంటికిని వారికి గల ఆయుధ మొక్కటే: గొంగడి. దక్కను నల్లగొర్రెల ఉన్నిని వడికి, పడుగునకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గము మీద కురుమలు నేసినది. దానిని ఒక మూల మడిచి తలపై కొప్పెర పెట్టుకొన్నచో గొడుగు, పరచుకొన్నచో పడక, నాలుగు చెరగులు ముడివేసినచో గింజల మూట. ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడవ వంతు తేమను లోపల దాచుకొనియు ఒంటికి తడి తెలియనీయదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. గొర్రెలకాపరికి ఆ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. నిజము చెప్పవలెనన్న, బాగుగా నానిన గొంగడి బరువు తక్కువది కాదు; కొండ యెక్కువాని మెడకు అది తెలియును.

స్కాట్లండువాడైన చార్లెస్ మాకింటాషు రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి వానకోటునకు 1823లో పేటెంటు పొందెను. అది బయటి నీటిని ఆపినది. లోపలి చెమటను కూడ ఆపినది! ఉక్కపోత గల కొండలలో ఈ చిక్కు మొన్నమొన్నటివరకు తీరలేదు.

తిండికి జొన్నరొట్టె, కారము, ఉల్లిగడ్డ. రొట్టెను బాగుగా కాల్చి ఆరబెట్టినచో అన్నమువలె ఒకపూటకే పాడుకాదు. పేలాలును సత్తుపిండియు ఉన్నచో పొయ్యితో పనియే లేదు. నీటికి ఎండిన సొరకాయ బుర్ర, తేలిక, చల్లన. నిప్పునకు చెకుముకి రాయి, ఉక్కుముక్క, బూరుగుదూది. రాయి తడిసినను తుడిచి కొట్టవచ్చును. దూది మాత్రము తడియరాదు. కనుక మూటలో అన్నిటికంటె లోపల భద్రపరుపబడెడిది ఆ చిటికెడు దూదియే. అగ్గిపెట్టె వచ్చిన తరువాత చెమ్మగిల్లిన పుల్లలను గీచి గీచి విసిగినవారు చెకుముకిని తలచుకొనక పోలేదు. కాలికి తంగేటిపట్టతో పదును చేసిన తోలుచెప్పులు. బురద వచ్చినచో అవి చేతికెక్కును.

ఇది తన మూటను తానే మోయువాని మాట. మోయుటకు ఇతరులున్నచో మూట పెరుగును. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణము వదలి, నల్లమల అడవులు దాటి శ్రీశైలమును, ఆపై హైదరాబాదును చూచి, కాశి సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరెను. ఆయన వెంట పల్లకీ బోయలు, డేరాలు, ఇంచుమించు నూరుగురు పరివారము. దారిలో ఏ ఊర ఏమి దొరకునో, ఎచట నీరున్నదో ఆయన వ్రాసిపెట్టిన తీరు చూడగా, ఆ నూరుగురి ఆకలి ఆయన మనస్సులో ఎప్పుడును మెదలుచుండెనని తోచును.

అందరును అట్లు తలచలేదు. నిజాము రాజ్యమున అధికారులు ఊళ్లకు విడిది వచ్చినపుడు వారి సామానును ఊరినుండి ఊరికి కూలి లేకుండ మోయుట వెట్టివారి వంతు. వానయని, చేను విత్తు అదనుయని చెప్పుకొనుటకు వీలు లేదు. మోయువానికి తన కొరకు ఒక రొట్టెముక్క తప్ప వేరు మూట లేదు. 1920 దశకమున మాడపాటి హనుమంతరావు మొదలగువారు ఆంధ్రజనసంఘము పక్షమున ఈ వెట్టిపై ఆందోళన సాగించిరి. సామాను బరువు ఒక రాజకీయ ప్రశ్న యైనది.

అంతకు ముందే, 1874లో, వాడి నుండి హైదరాబాదునకు రైలు నడచినది. తాండూరు, వికారాబాదు స్టేషనులైనవి. రోజుల నడక గంటలలోనికి వచ్చెను, సద్దిమూట చిన్నదయ్యెను. కొండ మీది దారి మాత్రము కాలిది గానే మిగిలినది.

వికారాబాదు 2016లో జిల్లా కేంద్రమైనది. శ్రావణ మాసపు ఆదివారములందు నగర యువకులు రంగురంగుల నైలాను సంచులతో అనంతగిరికి వచ్చుచున్నారు. మాంసమునకు గిరాకి పెరిగి ఉన్ని లేని జాతి గొర్రెలు మందలలో నిండుటచే దక్కను నల్లగొర్రె తగ్గినది. కత్తిరించిన ఉన్నికి కొనువారు లేక కాపరులు పారవేయుటయు కలదు. గుంటమగ్గము ముందు కూర్చుండువారు ఎక్కువగా ముసలివారే.