ట్రాక్ సర్క్యూట్

పట్టాలనే తీగలుగా వాడుకుని, లైను మీద బండి ఉందో లేదో సిగ్నల్‌కు తెలియజేసే విద్యుత్ వలయం ట్రాక్ సర్క్యూట్. బ్యాటరీ, నిరోధం, రెండు పట్టాలు, కరెంటుతో కదిలే స్విచ్చయిన రిలే: సరంజామా ఇంతే. హైస్కూలు భౌతికశాస్త్రంలోని ఓమ్ నియమం, శ్రేణి, సమాంతర సంధానాలు, షార్ట్ సర్క్యూట్ అన్నీ ఇందులో పనిచేస్తూ కనిపిస్తాయి. రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు ఈ విద్య నేర్పే ఇరిసెట్ సంస్థ 1957 నుంచి సికింద్రాబాద్‌లో ఉంది.

దీనికి కావలసినవన్నీ ముందే సిద్ధమయ్యాయి. 1800లో వోల్టా బ్యాటరీ వచ్చింది. కొలోన్‌లో స్కూలు మాస్టారుగా పనిచేసిన జార్జ్ ఓమ్ 1827లో తన నియమాన్ని ప్రచురించాడు. 1830లలో జోసెఫ్ హెన్రీ విద్యుదయస్కాంత రిలేకు దారి వేశాడు. వీటిని పట్టాలెక్కించినవాడు అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్. 1870 ప్రాంతంలో అతను చేసిన మొదటి ఏర్పాటులో బండి వచ్చినప్పుడే వలయం పూర్తయ్యేది. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా బండి లేనట్టే లెక్క. సిగ్నల్ దారి ఇచ్చేసేది! ఈ లోపం గ్రహించి అతను వలయాన్ని తిరగేశాడు. 1872లో పేటెంట్ పొందిన కొత్త పద్ధతిలో కరెంటు ఎప్పుడూ రిలే గుండా ప్రవహిస్తూ ఉంటుంది, బండి వస్తే రిలేకు అందడం దాదాపు ఆగుతుంది. సామాను మారలేదు, ఆలోచన మారింది. రైల్వే భద్రతలో ఇంతకంటే చవకైన, ఇంతకంటే గొప్ప మార్పు మరొకటి కనిపించదు.

అప్పటికి వాడి–సికింద్రాబాద్ లైను ఇంకా తెరవలేదు. అది 1874లో మొదలైంది. ట్రాక్ సర్క్యూట్ల మీద ఆధారపడే ఆటోమేటిక్ రంగు దీపాల సిగ్నళ్లు మన దేశంలో 1928లో బొంబాయి విక్టోరియా టెర్మినస్–బైకుల్లా మధ్య వచ్చాయి.

లైనులో కొంత భాగాన్ని రెండు కొసల్లోనూ కరెంటు దాటని జాయింట్లతో వేరు చేస్తారు. ఒక కొసన బ్యాటరీ, దానికి శ్రేణిలో నిరోధం. రెండో కొసన రిలే. లైను ఖాళీగా ఉంటే కరెంటు ఒక పట్టా మీదుగా వెళ్లి, రిలే చుట్టలోంచి రెండో పట్టా మీదుగా తిరిగొస్తుంది. రిలే ఎత్తుకుని ఉంటుంది. పచ్చ దీపానికి వీలుంటుంది. బండి చక్రాలు, ఇరుసు రెండు పట్టాలనూ కలపగానే రిలే పడిపోతుంది, ఎరుపు వెలుగుతుంది. పట్టా విరిగినా చాలాసార్లు ఇదే జరుగుతుంది.

కరెంటు తేలిక దారినే పోతుందని విద్యార్థులు తరచూ రాస్తుంటారు. అది సగం నిజమే. సమాంతరంగా ఉన్న దారులన్నిటిలోనూ కరెంటు పోతుంది, నిరోధానికి విలోమ నిష్పత్తిలో. రిలే 9 ఓమ్‌లు, పట్టాల మధ్య అడ్డు నిరోధం 0.5 ఓమ్ అయితే రిలేకు దక్కేది 19లో ఒక వంతు. పట్టాల మధ్య 0.5 ఓమ్ నిరోధం పెడితే రిలే తప్పక పడిపోవాలన్నది మన రైల్వేల నిబంధన. బ్యాటరీ పక్కనున్న నిరోధానిది జంట బాధ్యత: బండి నిలిచి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖాళీ కాకుండా కాపాడాలి, వోల్టేజీలో ఎక్కువ భాగాన్ని తాను మింగి రిలేను పస్తు పెట్టాలి.

కంకర కూడా ఈ వలయంలో భాగమే. తడిసిన కంకర, స్లీపర్ల గుండా కరెంటు ఒక పట్టా నుంచి మరోదానికి కారుతుంది. స్టేషన్ పరిధిలో ఈ నిరోధం కిలోమీటరుకు 2 ఓమ్‌లకు తగ్గకూడదు. మరి అర కిలోమీటరుకు? ఒకటి కాదు, 4. పొడవు తగ్గితే సమాంతర దారులూ తగ్గుతాయి కదా. జోరువానలో బండి లేకుండానే ఎరుపు పడటానికి ఈ కారుడే ఒక కారణం. దానివల్ల ఆలస్యమే తప్ప ముప్పు లేదు. అసలు భయం తుప్పుతో. అరుదుగా బండ్లు నడిచే లైనులో పట్టా మీది తుప్పు పొర చక్రానికీ పట్టాకూ మధ్య అడ్డుపడితే, బండి ఉన్నా రిలే పడకపోవచ్చు. రాబిన్సన్ తిరగేసిన వలయం కూడా ఇక్కడ కాపాడదు.

25,000 వోల్టుల ఏసీ విద్యుదీకరణలో ఇంజను వాడిన కరెంటు కూడా పట్టాల మీదుగానే తిరిగి వస్తుంది. అందుకని ఏసీకి లొంగని రిలేలు వాడతారు. ఇరుసులను లెక్కించే యాక్సిల్ కౌంటర్లు ఇప్పుడు చాలాచోట్ల బండి ఉనికిని చెప్పే పని చేస్తున్నాయి. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ–చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి సమక్షంలో పరీక్షించిన ‘కవచ్’ రక్షణ వ్యవస్థ రేడియో సంకేతాలతో బండికి బ్రేకు వేస్తుంది. స్టేషన్ నుంచి దానికి అందే సిగ్నల్ సమాచారం మాత్రం ఈ ట్రాక్ సర్క్యూట్లు, యాక్సిల్ కౌంటర్లు చెప్పినదాన్ని బట్టే ఉంటుంది.