అందినది వేరు, నెగ్గినది వేరు

1949వ సంవత్సరం జూన్ మాసం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే గణనయంత్రం అంతకు ముందు నెల 6వ తేదీననే తన మొదటి లెక్కను సక్రమంగా ముగించి నిర్మాతలను ఆనందపరచినది. ఆ నిర్మాతలకు నాయకులు మారిస్ విల్క్స్. మొదటి లెక్క చిన్నది గనుక, ఆయన ఇప్పుడు కొంత పెద్దదానికి పూనుకొన్నారు. ఎయిరీ సమీకరణమనే ఒక అవకలన సమీకరణానికి యంత్రంచేత విలువలు కట్టించవలెనని సంకల్పం. అందుకు వ్రాసిన ఆదేశాలు 126 వరుసలు. వాటిలో ఇరవై వరకు తప్పులున్నట్లు చాలాకాలం తరువాత ఆ కాగితపు టేపును పరిశీలించినవారు తేల్చినారు. యంత్రమున్న గదికీ, టేపుకు రంధ్రాలు వేసే పరికరానికీ నడుమ మెట్లెక్కి దిగుతున్న సమయాన విల్క్స్‌కు ఒక సత్యం స్ఫురించినది: తన శేషజీవితంలో మంచి భాగం తాను వ్రాసిన ఆదేశాలలోని తప్పులు వెదకుకొనడంతోనే గడచిపోనున్నదని. ఈ సంగతి ఆయన తమ ఆత్మకథలో చెప్పుకొన్నారు.

ఆ మెట్లమీద మొదలైన కథయే నేటి మన ప్రసంగ విషయం. తప్పులు వెదకే శ్రమను మానవుడు క్రమంగా యంత్రానికే ఎట్లు అప్పగించినాడు? అప్పగించిన పిదప ఆ యంత్రంతో ఏ విధంగా మాట్లాడుతున్నాడు? ఆ సంభాషణలో పొరపాటు పడే చోటు ఏది? ఇవి కేవలం నిపుణులు ఆలోచించుకొనవలసిన ప్రశ్నలు కావు. మన బ్యాంకు పద్దులు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రి పరికరాలు అన్నీ ఇటువంటి ఆదేశాలమీదనే నడుస్తున్నవి.

1950, 60 దశకాలలో పెద్ద గణనయంత్రాలున్న చోట్ల, ప్రోగ్రాము వ్రాసినవానికి యంత్రం చెంతకు పోయే వీలు సాధారణంగా ఉండేది కాదు. ఆదేశాలను అట్టముక్కలమీద రంధ్రాలుగా వేయించి, ఆ కట్టను ఒక కిటికీలో ఇచ్చి రావలెను. లోపలివారు దానిని వరుసలో పెట్టేవారు. కొన్ని గంటలకో, మరునాటికో ఫలితం కాగితంమీద అచ్చయి వచ్చేది. ఒక గుర్తు తప్పిపోయినా మళ్ళీ మొదటినుంచి నిరీక్షణ. అట్లు అప్పగించిన పనికి ‘జాబ్’ అని పేరు. ఆ మాట నేటికీ నిలిచియున్నది. కిటికీలోని ఉద్యోగి కట్ట పుచ్చుకొని “అందినది” అన్నంతమాత్రాన లెక్క సరిపోయినదని ఆనాడు ఎవరూ భ్రమపడలేదు. ఫలితపు కాగితం చేతికి రావలెను, దానిని కండ్లతో చదువుకొనవలెను. ఈ భేదాన్ని శ్రోతలు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. దీనితో ముందుముందు మనకు పని ఉన్నది.

ప్రోగ్రాములు పెరిగిన కొలదీ మనిషి కూర్చుండి ఒక్కొక్కటే సరిచూడడం అసాధ్యమైనది. పరీక్షను కూడ ఒక ప్రోగ్రాముగానే వ్రాయవచ్చుననే ఊహ బలపడినది. “ఈ ప్రశ్న వేస్తే ఈ సమాధానం రావలెను, రాకుంటే తప్పు” అని ముందుగా వ్రాసిపెట్టితే, ఎన్నిమారులైనా విసుగు లేకుండ యంత్రమే సరిచూచును. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు జూరిచ్ నుంచి అట్లాంటాకు విమానంలో పోతూ, దారిలోనే జేయూనిట్ అనే పరీక్షాసాధనానికి రూపమిచ్చినారు. సముద్రం దాటేలోగా పుట్టిన ఆ చిన్న సాధనం తరువాత అనేక భాషలలోని సాధనాలకు ఒరవడి అయినది. పరీక్షకు ఒక హద్దున్నదని మాత్రం ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1969లో రోమ్ నగరపు సమావేశంలోనే హెచ్చరించియున్నారు. పరీక్ష వలన తప్పు ఉన్నదని తెలియవచ్చును గాని, ఎక్కడా లేదని తెలియదని ఆయన మాటల సారాంశం.

తరువాతి సమస్య, ఈ పరీక్షలను ఎవరు, ఎప్పుడు నడపవలెనన్నది. పదిమంది కలసి ఒక ప్రోగ్రాము వ్రాసేటప్పుడు ఒకరి మార్పు మరొకరి పనిని చెరచవచ్చును. ఎవరు మార్పు చేసినా ఆ వెంటనే పరీక్షలన్నీ తమంతట తామే నడవవలెనని 2001లో క్రూజ్‌కంట్రోల్ అనే సాధనం వచ్చినది. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో పనిచేస్తుండిన కోసుకే కవాగుచి హడ్సన్ అనే మరొకదానిని నిర్మించినారు. అది 2005లో వెలువడినది. తన మార్పులు తోటివారి పనిని భంగపరచినప్పుడెల్ల వారి కోపానికి గురికావడం విసుగు పుట్టించి ఆయన దీనికి పూనుకొన్నారని చెప్పుతారు. సన్ సంస్థ 2010లో ఒరాకిల్ వశమైనది. పేరు విషయంలో వివాదం రాగా, 2011లో ఆ సాధనమే జెంకిన్స్ అనే కొత్త పేరుతో ముందుకు సాగినది.

ఇక సంభాషణ సంగతి. రాయ్ ఫీల్డింగ్ 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖకు సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో, వెబ్ ఏ సూత్రాలమీద నిలిచియున్నదో వివరించి ఆ నిర్మాణరీతికి ‘రెస్ట్’ అని పేరు పెట్టినారు. ప్రతి వస్తువునకు ఒక చిరునామా ఉండును. చేయదగిన క్రియలు బహుకొద్ది: ‘గెట్’ అంటే చూపుమనడం, ‘పోస్ట్’ అంటే పుచ్చుకొమ్మనడం, ఇట్లు. మనుష్యులు పుటలు చదువుకొనే ఆ మార్గంలోనే యంత్రాలు కూడ ఒకదానితో ఒకటి మాట్లాడుకొనవచ్చునని స్పష్టమైనది. అట్టి సంభాషణకు ఏర్పరచిన నియత ద్వారానికే వెబ్ ఏపీఐ అని వ్యవహారం.

జెంకిన్స్ ద్వారం చెంత జరిగే వ్యవహారం చూతము. మన ప్రోగ్రాము ఒక పరీక్షాకార్యపు చిరునామాకు, తనకిచ్చిన రహస్యసంకేతంతో సహా, ‘పోస్ట్’ అనే విన్నపం పంపును. వెంటనే 201 అనే సంఖ్యతో జవాబు వచ్చును. దాని వెంట ఒక చిరునామా కూడ వచ్చును. అది ఫలితపు చిరునామా కాదు, వరుసలో మన స్థానపు చిరునామా. అక్కడ మళ్ళీ విచారించవలెను. ఖాళీగా ఉన్న యంత్రం దొరికి పని ఆరంభమైన పిదప దానికొక సంఖ్య లభించును. ఆ సంఖ్యగల చిరునామావద్ద మరల అడుగవలెను. పని నడుస్తున్నంతసేపు ఫలితమనే గడి ఖాళీగా ఉండును. ముగిసిన తరువాతనే ‘సక్సెస్’, ‘ఫెయిల్యూర్’, ‘అన్‌స్టేబుల్’, ‘అబార్టెడ్’ వంటి మాటలలో ఒకటి అందులో చేరును.

ఇది ఆ పాత కిటికీయే కదా! కట్ట ఇవ్వడం, వరుస సంఖ్య పుచ్చుకొనడం, ఫలితం కొరకు తిరిగి రావడం. మారినదల్లా తిరిగి వచ్చి అడిగే మనిషి స్థానంలో కూడ ప్రోగ్రామే నిలిచినది. చిక్కు ఇక్కడనే. 201 అనే జవాబు “అందినది” అనే మాటకు సమానం. దానిని “నెగ్గినది” అని లెక్కగట్టే ప్రోగ్రాము వ్రాస్తే, ఏ పరీక్ష ఓడినా అంతా సవ్యమే అన్నట్లు కనబడును. ‘అన్‌స్టేబుల్’ అనే మాట మరింత మోసకరం. నిర్మాణం పూర్తియైనది గాని కొన్ని పరీక్షలు ఓడినవని సామాన్యంగా దాని భావం. ‘ఫెయిల్యూర్’ అను మాటకొరకే చూచే ప్రోగ్రాము దానిని నెగ్గినవాటిలో కలిపివేయును. యంత్రం అబద్ధమాడలేదు, మనము దాని మాటను పూర్తిగా వినలేదు.

ఇటువంటి లోపాలకు చెల్లించిన మూల్యం చరిత్రలో నమోదై ఉన్నది. 1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచి గయానాలోని కూరూ నుంచి లేచిన ఆరియాన్ 5 రాకెట్టు, ప్రయోగక్రమం మొదలైన సుమారు 40 సెకన్లకు, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున దారి తప్పి విచ్ఛిన్నమైనది. ఆరియాన్ 4 నుంచి తెచ్చిన ప్రోగ్రాములో, 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల గడిలో ఇమిడ్చే చోట ఆ సంఖ్య పట్టలేదు. బదులు పరికరంలో కూడ అదే ప్రోగ్రాము ఉండుటచే అదియు అదే కారణాన ఆగిపోయినది. జాక్ లూయీ లియాన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణసంఘం, కొత్త రాకెట్టు గమనాన్ని అనుకరించి పరీక్షించియుంటే ఈ లోపం బయటపడగలిగేదని తేల్చినది. అడుగని ప్రశ్నకు సమాధానం రాదు.

రెండవ ఉదాహరణ ఇంకను మన విషయానికి దగ్గర. 2012 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో నైట్ కాపిటల్ అనే వాటాల వ్యాపారసంస్థ కొత్త ప్రోగ్రామును ఎనిమిది యంత్రాలలో ఏడింటిలోనే చేర్చి ఒకదానిని మరచినది. ఆ ఎనిమిదవదానిలో, వాడుక మానిన పాత ఆదేశాలు మేల్కొని సుమారు 45 నిమిషాలపాటు ఎడతెగకుండ వాటాలు కొని అమ్మినవి. నష్టం 46 కోట్ల డాలర్లకు పైచిలుకు. ఆ దేశపు నియంత్రణసంస్థ 2013లో వెలువరించిన ఉత్తరువు ప్రకారం, బజారు తెరవక ముందే యంత్రాలు 97 సందేశాలను సిబ్బందికి పంపియున్నవి. అవి హెచ్చరికలుగా ఉద్దేశించినవి కావు. సాధారణంగా వాటిని ఎవరూ చూచేవారు కారు. ఫలితం వచ్చినది, చదివినవారు లేరు.

ప్రసారకేంద్రంలో పనిచేసే మాకు ఈ భేదం నిత్యానుభవం. స్టూడియోలో ఎర్రదీపం వెలిగినదంటే మైకు తెరచియున్నదని అర్థం. మాట శ్రోత చెవిని చేరినదని కాదు. అందుకే ప్రసారమవుతున్నదానిని తిరిగి రేడియోలో వినేందుకు వేరొక మనిషిని కూర్చుండబెట్టుతారు.

మన ఇండ్లలోని యువతీయువకులు ఎందరో హైదరాబాదులోనూ, దూరదేశాలలోనూ ఈ వృత్తిలోనే ఉన్నారు. వారు అర్ధరాత్రి నడపడానికి పెట్టివచ్చే పరీక్షలు, ఎక్కడో ఎవరి పద్దునో, ఎవరి ప్రాణాన్నో కాపాడవలసినవి. యంత్రం అలసట లేకుండ అడుగును, అలసట లేకుండ జవాబు చెప్పును. ఏమి అడుగవలెనో నిర్ణయించడం, వచ్చిన జవాబును తుదిదాక చదవడం మాత్రం విల్క్స్ మెట్లెక్కిన నాటినుంచి నేటివరకు మనిషి వంతుననే ఉన్నవి. ఉదయం కార్యాలయానికి పోయి తెరమీద పచ్చని గుర్తు చూచినప్పుడు, “ఇది అందినదనే గుర్తా, నెగ్గినదనే గుర్తా?” అని ఒక్కసారి అడిగి చూడవలసినదని వారికి మా మనవి.