బిజినెస్ క్లాస్ విమానయానం: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

సుదూర విమానాల్లో ఫస్ట్ క్లాస్‌కు కింద, ఎకానమీకి పైన ఉండే తరగతి బిజినెస్ క్లాస్. విడిగా చెక్-ఇన్ కౌంటరు, లాంజ్, అందరికంటే ముందు ఎక్కే వీలు, మంచంలా పరుచుకునే సీటు, పింగాణీ పళ్లెంలో భోజనం ఇవన్నీ ఆ టికెట్‌లో కలిసే వస్తాయి. ధర చాలాసార్లు ఎకానమీకి మూడు నాలుగు రెట్లు. దీన్ని విలాసం ఖాతాలో వేసి మాట్లాడటం మామూలే. చరిత్ర చూస్తే మాత్రం ఈ తరగతి అమ్ముతూ వచ్చింది మూడు సరుకులు: క్యూ తప్పడం, సమయం కలిసిరావడం, రాత్రి నిద్ర. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వెళ్లేవారికి ఈ మూడింట్లో నిద్ర ఒక్కటే చెల్లించిన డబ్బుకు తగ్గట్టు దక్కుతోంది. మిగతా రెండింటినీ ఇంటికీ విమానాశ్రయానికీ మధ్య ఉన్న రోడ్డు మింగేస్తోంది. అందుకే ఈ ప్రాంతంలో బిజినెస్ క్లాస్ కథను విమానం లోపలి నుంచి కాక బయటి నుంచి మొదలుపెట్టాలి.

దక్షిణ రాయలసీమకు విదేశీ ద్వారం మొదటి నుంచీ మద్రాసే. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తెచ్చిన టపాను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. టాటా టపా విమానం తొలి ప్రయాణమే సీడెడ్ జిల్లాల (నాటి రాయలసీమ) నేల మీద ఆగి వెళ్లిందన్నమాట. అప్పటికి చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కోర్టుకైనా, కాలేజీకైనా, పెద్దాసుపత్రికైనా మద్రాసుకే పోయేవారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు అవతల ఉండిపోయింది. 1960లో సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లా నుంచి అటు వెళ్లింది. రాజధాని హైదరాబాద్‌కు మారినా దూరాలు మారవు కదా. తిరుపతికి హైదరాబాద్ ఐదు వందల కిలోమీటర్ల పైమాటే, మీనంబాకం విమానాశ్రయం సుమారు 140. మదనపల్లె, కుప్పం వైపువారికి 2008 మే నెలలో దేవనహళ్లిలో బెంగళూరు కొత్త విమానాశ్రయం తెరుచుకున్నాక అటు దారి దగ్గరైంది. మొత్తం మీద పాత చిత్తూరు జిల్లా నుంచి సుదూర ప్రయాణమంటే పక్క రాష్ట్రంలో విమానం ఎక్కడమే.

ఇక తరగతి పుట్టుక. 1948 జూన్ 8న ఎయిరిండియా తొలి అంతర్జాతీయ విమానం ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్లినప్పుడు విమానయానమే ఒక విలాసం. అందులో మళ్లీ తరగతులు అక్కర్లేదు. 1950లలో టూరిస్ట్, తర్వాత ఎకానమీ తరగతులు వచ్చాక క్యాబిన్ రెండుగా చీలింది. 1971లో ఎయిరిండియాకు తొలి బోయింగ్ 747 ‘ఎంపరర్ అశోక’ వచ్చేనాటికి, ఇంత పెద్ద విమానాలు నింపాలంటే రాయితీ టికెట్లు తప్పవన్న సంగతి ప్రపంచమంతా తెలిసిపోయింది. అక్కడే చిక్కు వచ్చింది. చివరి నిమిషంలో పూర్తి ధర కట్టిన కంపెనీ ఉద్యోగి, నెలల ముందే చవకగా కొన్న విహారయాత్రికుడు పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకే భోజనం తిన్నారు. పూర్తి ధర కట్టినవాడు గొడవ చేయకుండా ఉంటాడా? 1976లో కేఎల్ఎం పూర్తి ధర ప్రయాణికులను ఎకానమీలోనే విడిగా ముందు భాగంలో కూర్చోబెట్టింది. 1978లో పాన్ యామ్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ అలాంటి తరగతులకు పేర్లు పెట్టాయి. 1979లో క్వాంటాస్ విడి సీట్లతో అసలు సిసలు బిజినెస్ క్లాస్ తెచ్చింది. ఇది సుఖం కోసం పుట్టిన తరగతి కాదు, టికెట్ ధరల్లో తేడా వల్ల వచ్చిన అలకను తీర్చడానికి పుట్టిన తరగతి.

సీటు సంగతి ఆ తర్వాతిది. రెండు దశాబ్దాల పాటు బిజినెస్ సీటు అంటే కాస్త వెడల్పైన, కాస్త వెనక్కి వాలే కుర్చీ. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా చదునుగా పరుచుకునే పడకను ప్రవేశపెట్టింది. పోటీ సంస్థలు వరసగా ఆ దారి పట్టాయి. దాంతో ఫస్ట్ క్లాస్ అవసరమే తగ్గిపోయి చాలా సంస్థలు దాన్ని ఎత్తేశాయి. 2017లో ఖతర్ ఎయిర్‌వేస్ సీటుకు తలుపు కూడా పెట్టింది. ఎయిరిండియా విషయానికొస్తే, 2012లో వచ్చిన బోయింగ్ 787-8 విమానాల్లో 256 సీట్లకు 18 బిజినెస్ సీట్లు, వరసకు రెండేసి చొప్పున మూడు జతలు. పడకలైతే చదునుగానే ఉండేవి. కానీ కిటికీ పక్కవారు నడిరాత్రి లేవాలంటే నిద్రపోతున్న పక్కవారి కాళ్లు దాటాల్సిందే. అంత డబ్బు పోసి అదేం ఖర్మ అనిపించే విషయమే. 2024 జనవరిలో అదే సంస్థ సేవలోకి తెచ్చిన ఎయిర్‌బస్ ఎ350లో 28 సూట్లు, ప్రతిదానికీ నేరుగా నడవాలోకి దారి. పదిహేడు గంటల ప్రయాణంలో ఈ చిన్న మార్పు మిగతా హంగులన్నిటి పెట్టు.

క్యూ మాటకు వస్తే తిరుపతి పాఠకుడికి వేరే వివరణ అక్కర్లేదు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ కొన్నవారికి కలిసొచ్చేది కంపార్ట్‌మెంట్లలో వేచి ఉండే గంటలే. గుడి లోపలికి చేరేసరికి రెండు వరసలూ ఒకటవుతాయి, మూలవిరాట్టు ముందు ఇద్దరికీ దక్కేవి అవే క్షణాలు. విమానంలోనూ అంతే. ముందు కూర్చున్నవారూ వెనక కూర్చున్నవారూ ఒకే నిమిషంలో నేలకు దిగుతారు. అమెరికాలో ఇమిగ్రేషన్ అధికారి ముందు టికెట్ తరగతి పనిచేయదు. లాంజ్ కథ ఇంకా విచిత్రం. 1939లో న్యూయార్క్ లగార్డియాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తెరిచిన అడ్మిరల్స్ క్లబ్ ప్రముఖులను పిలిచి కూర్చోబెట్టే గది. ఇవాళ మన దేశంలో మామూలు డెబిట్ కార్డు మీద రెండు రూపాయలు గీకి లోపలికి వెళ్లేవారితో సాధారణ లాంజ్‌ల ముందు క్యూలు ఏర్పడుతున్నాయి. ఇడ్లీ పెట్టె దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడటం, ఛార్జింగ్ ప్లగ్గు ఉన్న కుర్చీ కోసం వెతుక్కోవడం అక్కడ మామూలైపోయింది. క్యూ తప్పించడానికి పుట్టిన గదికే క్యూ వచ్చింది.

క్యాబిన్ సేవలో మన ప్రాంతం వారికి అక్కరకొచ్చే విషయాలు రెండున్నాయి, రెండూ ప్రకటనల్లో కనబడవు. ఒకటి భోజనం కోడ్. శాకాహారులు చాలామంది టికెట్ కొనేటప్పుడు ‘హిందూ మీల్’ అని కనబడగానే నొక్కేస్తారు. విమానయాన సంస్థల లెక్కలో ఆ హెచ్‌ఎన్‌ఎంఎల్ కోడ్‌కు అర్థం గొడ్డు మాంసం లేని భోజనమనే. పళ్లెంలో కోడి కూర రావచ్చు, మేక కూరా రావచ్చు. శాకాహారం కావాలంటే ఏవీఎంఎల్ అడగాలి, సాధారణంగా 24 గంటల ముందే. బిజినెస్ క్లాస్‌లో మెనూ కార్డు చేతికిచ్చి అడుగుతారు కాబట్టి సర్దుకునే అవకాశం కొంత ఉంటుంది. వెనక క్యాబిన్‌లో ట్రాలీ వచ్చేదాకా తెలియదు, వచ్చాక మార్చే వీలూ తక్కువే. రెండోది బరువు. అమెరికా మార్గాల్లో ఎకానమీ పెట్టె పరిమితి సాధారణంగా 23 కిలోలు, బిజినెస్‌లో 32. రెండు పెట్టెలకు పద్దెనిమిది కిలోల తేడా. ద్రవాలూ మెత్తటి పదార్థాలూ వంద మిల్లీలీటర్లు దాటితే చేతిసంచిలో ఒప్పుకోరు కాబట్టి ఆవకాయ చెక్-ఇన్ పెట్టెలోనే పోవాలి. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లే తల్లికి ఆ పద్దెనిమిది కిలోలు షాంపేన్ గ్లాసు కంటే విలువైనవి.

ఇప్పుడు సమయం లెక్క. చెన్నై నుంచి యూరప్ వైపు వెళ్లే విమానాల్లో చాలావాటిది అర్ధరాత్రి దాటాక, తెల్లవారేలోపు బయలుదేరే వేళ. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ లాంటి చోట్ల పగటి కనెక్షన్లు అందుకోవాలి కాబట్టి ఆ వేళ తప్పదు. రాత్రి రెండు గంటల విమానమనుకుంటే పదకొండింటికి విమానాశ్రయంలో ఉండాలి. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా నగరం ట్రాఫిక్‌ను దాటుకుని మీనంబాకం చేరడానికి నాలుగు గంటలు పెట్టుకోవాలి. అంటే తిరుపతిలో ఏడింటికే కారెక్కాలి. బిజినెస్ టికెట్ చెక్-ఇన్ దగ్గర, భద్రతా తనిఖీ దగ్గర కలిపి మిగిల్చేది మహా అయితే ముప్పావు గంట. రోడ్డు మీద పోయిన నాలుగు గంటల పక్కన అదెంత? మీనంబాకానికి అరగంట దూరంలో ఉన్న అడయారు వాసికి అదే టికెట్ రెట్టింపు గిట్టుబాటు.

తిరుపతి పక్కనే రేణిగుంటలో విమానాశ్రయం ఉండగా రోడ్డు మాటెందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2015 అక్టోబరు 22న ప్రధాని అక్కడ గరుడ టెర్మినల్‌ను ప్రారంభించారు. 2017లో అంతర్జాతీయ హోదా కూడా వచ్చింది. రేణిగుంటలో ఎక్కి హైదరాబాద్‌లో మారితే రోడ్డు బాధ తప్పుతుంది. అయితే ఆ తొలి అంచెలో ఇండిగో ఏటీఆర్ 72 దొరికితే అందులో 78 సీట్లూ ఒకే తరగతి. లక్షలు పోసిన టికెట్‌తోనూ మోకాళ్లు ముందు సీటుకు ఆనించుకుని కూర్చోవాల్సిందే. రెండు విమానాలకూ వేర్వేరు టికెట్లయితే హైదరాబాద్‌లో పెట్టెలు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి, మొదటిది ఆలస్యమైతే రెండోదాని బాధ్యత ఎవరిదీ కాదు. ఒకే టికెట్‌గా కొంటే ఈ బెడద లేదు, కానీ అలా కలిసే వేళలు అన్ని రోజులూ దొరకవు. చాలామంది రోడ్డునే ఎంచుకోవడం వెనక ఉన్నది అలవాటు కాదు, లెక్క.

నలుగురు డబ్బున్నవాళ్ల సౌకర్యానికి ఇంత చర్చ అవసరమా అన్న ఆక్షేపణ ఇంకొకటి. సుదూర మార్గం ఒక ఊరి నుంచి నిలుస్తుందా లేదా అన్నది తేల్చేది ఎక్కువగా ఆ ముందు సీట్లే. వెనక క్యాబిన్ నిండటం అవసరం. ముందు క్యాబిన్ నిండితేనే లాభం. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో, బెంగళూరు మధ్య నేరుగా నడిపిన తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి తదితర నలుగురు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చారు. ఆ బోయింగ్ 777లో 238 సీట్లకు 8 ఫస్ట్, 35 బిజినెస్. అదే నెల 15న హైదరాబాద్ నుంచి షికాగోకు కూడా నేరు విమానం మొదలైంది, ఎంతోకాలం నిలవలేదు. తెలుగువారికి అమెరికాతో ఇంత రాకపోకలుండీ హైదరాబాద్‌కే అది నిలవనప్పుడు రేణిగుంట మాట చెప్పేదేముంది? తిరుపతికి ప్రయాణికుల కొరత లేదు. వచ్చేవారిలో అత్యధికులు దేశంలోని యాత్రికులు, చవక టికెట్ చూసి వచ్చేవారు. కంపెనీ ఖర్చు మీద ముందు సీటు కొనేవారు తిరుపతి జిల్లాలోనూ ఉన్నారు, ముఖ్యంగా ఇసుజు, డైకిన్ వంటి జపాన్ సంస్థలున్న శ్రీసిటీలో. కానీ సత్యవేడు పక్కనున్న శ్రీసిటీకి దగ్గరి పెద్ద విమానాశ్రయం చెన్నై. 2019 అక్టోబరులో జపాన్ విమానయాన సంస్థ ఏఎన్ఏ టోక్యో విమానాన్ని చెన్నైకే తెచ్చింది.

కాలుష్యం గురించిన ఆక్షేపణకు మాత్రం సమాధానం లేదు, ఒప్పుకోవాల్సిందే. ఎక్కువ చోటు ఆక్రమించే సీటుకు ఎక్కువ ఇంధనం లెక్కకు వస్తుంది. ఎకానమీ ప్రయాణికుడితో పోలిస్తే బిజినెస్ ప్రయాణికుడి వాటా దాదాపు మూడింతలని ప్రపంచ బ్యాంకు అధ్యయనం 2013లో అంచనా కట్టింది. అయితే ఇక్కడి నుంచి వెళ్లే పెద్దవాళ్లలో చాలామంది కోరుకునేది అంత చోటు తినే పడక కాదు, దారి చూపే మనిషి. ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులకు పిల్లలు వీల్‌చెయిర్ సాయం అడిగి పెడతారు. దానికి సాధారణంగా అదనపు రుసుము ఉండదు, కౌంటరు నుంచి విమానం తలుపు దాకా ఒకరు వెంట ఉంటారు, మధ్యలో విమానం మారే చోట కూడా. నడవలేని వారి కోసం ఉద్దేశించిన సదుపాయం నడవగలిగినవారికి వెళ్తోందన్న విమర్శలో నిజముంది.  కానీ అదనంగా డబ్బు కట్టకుండా ఆ తోడు దొరికే సులువైన దారి చాలామందికి వీల్‌చెయిరే.

రేణిగుంట రన్‌వేను 2,286 మీటర్ల నుంచి 3,810 మీటర్లకు పొడిగించే పని చేపట్టారు. పెద్ద విమానం దిగడానికి పొడవు చాలినా, నింపడానికి ముందు సీట్లు చాలవన్నది పైన చెప్పిన లెక్క. గల్ఫ్‌కు సర్వీసులు వస్తే రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లే కార్మికులకు మేలు, అందులో బిజినెస్ క్లాస్ ఊసు పెద్దగా ఉండదు. ఈ ప్రాంతపు సుదూర ప్రయాణికుడికి లెక్క మార్చగలిగేది కంచి దగ్గరి పరందూరు. 2022 ఆగస్టులో చెన్నై రెండో విమానాశ్రయానికి తమిళనాడు ఆ చోటును ప్రకటించింది. అది కట్టి తెరిస్తే చిత్తూరు వారు రాణిపేట, కంచి మీదుగా చెన్నై నగరంలోకి అడుగే పెట్టకుండా విమానం ఎక్కవచ్చు. భూములు కోల్పోయే ఏకనాపురం రైతులు ఏళ్ల తరబడి దాన్ని వ్యతిరేకిస్తున్నారు.